ఏం కూర అని అడగలేదు

హాస్టల్ అత్త పోయింది. మంగళవారం పొద్దున హిందూపురం నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడే ఒక పెండ్లి చీర కొంగు ఒళ్లో వేసుకుని కుచ్చులు ముడి వేస్తున్నాను. "అక్క పోయిందమ్మా, ఆస్పత్రిలోనే" అన్నాడు. ఏ ఆస్పత్రి, ఎందుకు ఆస్పత్రి అని నేను అరిచాను. ఆదివారం సాయంత్రమే కదా ఆమెతో మాట్లాడాను! "తిన్నావా అత్తా?" అని అడిగితే "తిన్నాలే తల్లీ" అంది. సరేనని ఫోన్ పెట్టేసి పనిలో పడిపోయాను. సోమవారం ఫోన్ ఎత్తకపోతే తొందరగా పడుకుందనుకున్నాను.

సోమవారం ఏదో పని మీద ఆమె ఉండే పెనుకొండకు వెళ్లిన తమ్ముడు ఆమె వాలకం చూసి భయపడి, కారు మాట్లాడుకుని హిందూపురం తీసుకెళ్లాడట. "గొంతు కింద గడ్డంట. మూడు నెలలుగా ఈమెకు ముద్ద దిగుతాండదు, ఇంట్లో ఎవురూ చూడలేదా అని డాక్టరు నన్ను అడిగినాడు. మాకెట్ల తెలుస్తాదమ్మా? ఎప్పుడు ఫోన్ చేసినా తిన్నాననే చెప్తా ఉన్నింది" అని ఏడ్చాడు.

మూడు నెలలు! ఆ మూడు నెలల్లో నేను ఆమెకు ఫోన్ చేయని సాయంత్రం లేదు. నా మీద నాకు కోపంగా ఉంది. ఆమె మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. ఎందుకంత కోపమో మీకు తెలియాలంటే ఆమె మా ఇంటికి ఏం చేసిందో ముందు చెప్పాలి.

ఆమె మాకు చుట్టం కాదు. ధర్మవరంలో మా పక్క పోర్షన్‌లో చాలా ఏళ్లు ఉండేది. మొగుడు తొందరగా పోయాడు, పిల్లలు లేరు. ఆడపిల్లల హాస్టళ్లలో వంటామెగా పనిచేసి రిటైరైంది కాబట్టి వీధంతా ఆమెను హాస్టల్ అత్త అనే పిలిచేది. రిటైరయ్యాక కూడా ఆమెకు తక్కువ వండడం చేతకాలేదు. తనొక్కతికి ఉగ్గాని చేసుకోబోయి సగం వీధికి సరిపడా చేసేది. "చిన్న గిన్నె చూస్తే నాకు చెయ్యే ఆడదు" అని గొణుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగి పెట్టి వచ్చేది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడకుండా వాసన పట్టి చెప్పేది. తినేది మాత్రం నిలబడే. కూచుని తినరాదా అత్తా అంటే, "కూచుంటే వడ్డించేదెవురు?" అనేది. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరు, ఎవరికి వడ్డించాలని అనుకునేదో ఏమో.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోకి తొంగిచూసి, పళ్లేలు పెట్టుకునే స్టాండు వైపు ఒక చూపు వేసేది. కొత్త కోడళ్లకు అది నచ్చేది కాదు. మా సామాను లెక్కబెడుతోందా ఏమిటని నేనూ మొదట్లో మూతి ముడుచుకున్నదాన్నే. తర్వాత పెనుకొండలో కొండ కింద వాళ్లమ్మ ఇల్లు ఖాళీగా ఉందని అక్కడికి వెళ్లిపోయింది. అయినా నెలకోసారి ప్యాసింజర్ ఎక్కి మమ్మల్ని చూడటానికి వచ్చేది.

పోయిన ఏడాది మా పాపకు విశాఖపట్నంలో యూనివర్సిటీ సీటు వచ్చింది. మా ఇంట్లో జిల్లా దాటి చదువుకు పోయిన మొదటి పిల్ల అదే. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను చీరలకు కుచ్చులు వేస్తాను. యూనివర్సిటీకి పోయే పిల్లను ఎట్లా తయారు చేయాలో మాకేం తెలుసు? తెలిసిందల్లా సామాను కొనడం. బకెట్టు, మగ్గు, దోమతెర, రెండు తాళాలు, రెండు డబ్బాల నిప్పట్లు, శెనక్కాయల పొడి, ఊరగాయ జాడీలు... ముందు గదిలో కాలు పెట్టే చోటు లేకుండా పేర్చాను. అత్త చూడటానికి వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఏమే, పిల్లను పంపిస్తాండావా, అంగడి పెడతాండావా?"

"ఏమీ తక్కువ కాకూడదు కదత్తా."

"సామాను బాగుండాది. పిల్ల సంగతి ఏం చేసినావు?"

"పిల్లకేం? బంగారం. ఎప్పుడడిగినా బాగుండాననే చెప్తాది. ఇంతవరకూ ఒక్క దినం నన్ను ఇబ్బంది పెట్టలా" అన్నాను గొప్పగా.

"అదే నాకు భయం" అంది అత్త. నవ్వుతూ కాదు. "పది దినాలు నా దగ్గరికి పంపు."

వంట నేర్పుతుందేమో అనుకుని సంతోషంగా పంపాను. మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేశాను. తిన్నావా పాపా అంటే తిన్నామ్మా అంది. ఎట్లుండావంటే బాగుండా అంది. నా మనసు కుదుటపడింది. ఇంతలో అత్త దాని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏం తినిందో అడిగినావా?"

"నువ్వే పెట్టింటావు, నేనడిగేదేంది?"

"నేను ఏమీ పెట్టలా. పొద్దున్నుంచి స్టవ్వే ముట్టించలా. ఈ పిల్ల కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేదు. నన్ను అడగనూ అడగలా. నీకు మాత్రం తిన్నానని చెప్పె, చూసినావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పరాయి బిడ్డను పస్తు పెట్టడానికి నీకు చేతులెట్ల వచ్చినాయి, నీకు పిల్లలుంటే కదా తెలిసేది అని నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నేను అలిసిపోయాక ఆమె, "ఇప్పుడు పెడతాండాలే. పొద్దున్నే రా" అని పెట్టేసింది. పిల్లను వెనక్కి తెచ్చేసుకోవాలనే పట్టుదలతో మొదటి బస్సుకే వెళ్లాను.

వెళ్లేసరికి పాప వేడి సంగటి తింటోంది. అత్త నన్ను గడప దగ్గర కూచోబెట్టి, తను నిలబడే, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

ఏ ఊరి హాస్టలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల. వాళ్ల నాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. తిన్నావా తల్లీ అంటాడు, తిన్నా నాయనా అంటుంది. ఫోన్ వంటగది పక్కనే కాబట్టి రోజూ ఆ మాట అత్త చెవిన పడేది. ఆ పిల్ల పళ్లెం మాత్రం ఎప్పుడు చూసినా కడిగిన తడి లేకుండా స్టాండులో పొడిగానే ఉండేది.

"జతగత్తె పళ్లెంలో తింటాందేమో అనుకున్నా. వంద మందికి వండేదాన్ని, ఒక్క పళ్లెం కోసం ఎవురినడిగేది అనుకున్నా. పదో దినం పిల్ల పడిపోయింది. కామెర్లు ముదిరిపోయినాయంట. ఆ నాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, తిన్నానని చెప్పిందే, దినామూ చెప్పిందే అని ఒకటే అడగడం. నేనేం చెప్పేది? ఆ పళ్లెం నేను చూస్తానే ఉంటి కదా."

ఆ పిల్ల మళ్లీ హాస్టలుకు రాలేదు. ఇంటికీ పోలేదు. ఆస్పత్రిలోనే పోయింది.

స్టాండు వైపు ఆమె చూపు ఎందుకు పోతుందో నాకు ఆ రోజు అర్థమైంది. ముందు రోజు నేనన్న మాటలకు సిగ్గుతో చచ్చిపోయాను. పాపను వెనక్కి తెచ్చుకోలేదు.

"తిన్నావా అని అడగద్దు" అంది అత్త. "అడిగితే తిన్నా అంటారు. అడిగినోళ్లకు నెమ్మది, చెప్పినోళ్లకు నెమ్మది. కడుపు సంగతి ఎవురికీ పట్టదు. ఏం కూర అనడుగు. వేడిగా ఉన్నిందా అనడుగు. పక్కన ఎవురు కూచున్నారనడుగు. అబద్ధం చెప్పల్లంటే రొంత ఆలోచించల్ల కదా, ఆ ఆలోచించేది నీకు వినిపిస్తాది."

పాపకు ఇంకో షరతు పెట్టింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు రోజుకొకటి బాగలేని సంగతి చెప్పి తీరాలి. మొదట్లో అది దోమలన్నది, అవ్వ గురక పెడుతోందన్నది. పాప ఆమెను అవ్వ అనే పిలిచేది. ఆరో రోజు ఉన్నట్టుండి, "అమ్మా, నాకు ఆడికి పోవల్లంటే భయంగా ఉండాది. మీకు చెప్తే చదువు మాన్పిస్తారని చెప్పలా" అని ఏడ్చింది. నా నోటిదాకా ఏదేదో వచ్చింది. "పిల్ల చెప్పినప్పుడు అరవద్దు. ఈ పొద్దు అరిస్తే రేపు చెప్పదు" అని అత్త నాకు ముందే గట్టిగా చెప్పి ఉంది. పళ్లు బిగబట్టుకుని, "సరే పాపా, ఇంకేం భయం, చెప్పు" అన్నాను. పదిహేడేళ్లుగా నా ఇంట్లో తిరిగిన పిల్లతో ఆ సాయంత్రమే మొదటిసారి మాట్లాడినట్టు అనిపించింది.

ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కించిన రోజు అత్త కూడా వచ్చింది. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన స్టీలు పళ్లెం ఉంది. వెనుక పాప పేరు చెక్కించింది. "దీన్ని దినామూ తడుపు" అంది. మేమంతా ఏడుస్తున్నా ఆమె ఏడవలేదు. రైలు కదిలాక మాత్రం ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడిపోయింది.

దసరా దాటాక ఒక సాయంత్రం ఏం కూర అని అడిగితే పాప వెంటనే పలకలేదు. ఆ పలకకపోవడం నాకు వినిపించింది. పాపా అన్నాను. "బాగలేదమ్మా. మూడు దినాలుగా జ్వరం, తగ్గిపోతాదిలే అని చెప్పలా. లేయలేకుండా ఉండా" అంది. మా ఆయన ఆ పూటే రైలెక్కాడు. అక్కడ డాక్టరు రక్తపరీక్ష చూసి, ఇంకో రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదన్నాడట. వారం తర్వాత పాప లేచి కూచుంది. అత్తకు ఫోన్ చేసి చెబితే "పళ్లెం తడిసిందా?" అని మాత్రం అడిగింది. తడిసింది అత్తా, గంజి తాగింది అన్నాను. అప్పుడు ఏడ్చింది.

మా బిడ్డ ఈ రోజు బతికి ఉందంటే ఆమె వల్లే. అట్లాంటి మనిషికి నేనేం చేశాను? రోజూ సాయంత్రం ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతులతో కుచ్చులు ముడి వేస్తూ, "తిన్నావా అత్తా" అన్నాను. ఏం కూర అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాటలు పిల్లల కోసం అనుకున్నాను. వండే మనిషి తినకుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాను. ఈ మధ్య ఆమె గొంతు సన్నబడింది. సిగ్నల్ సరిగా లేదనుకున్నాను. నెలకోసారి రావడం మానేసింది. మోకాళ్లనుకున్నాను. ఆమె ఆ హాస్టల్ పిల్ల పళ్లెం చూసి ఎట్లా సర్దిచెప్పుకుందో నేనూ అట్లాగే సర్దిచెప్పుకున్నాను.

నువ్వైనా చెప్పకపోతివే అత్తా! రోజుకొకటి బాగలేనిది చెప్పాలని నా బిడ్డకు అన్ని రోజులు నేర్పిన దానివి, నాకు ఒక్క రోజు ఒక్కటి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? నేను అరుస్తానని భయపడ్డావా? పెనుకొండలో మట్టి వేసే దగ్గర నిలబడి ఇదే అడిగాను. పక్కనున్న వాళ్లు నన్ను పట్టుకుని ఊరుకోమన్నారు.

అందరూ వెళ్లాక ఆమె ఇంట్లోకి వెళ్లాను. వంటింట్లో పెద్ద డేగిసాలన్నీ బోర్లించి ఉన్నాయి. స్టాండులో ఆమె పళ్లెం ఒక్కటే ఉంది, అంచు సొట్టపోయిన పాత పళ్లెం. వేలితో రాస్తే దుమ్ములో గీత పడింది. ఆ వేలు చూసుకుంటూ నేల మీద కూలబడ్డాను.

పాప ఫోన్ చేసింది. అవ్వ సంగతి నాన్న చెప్పాడట.

"అమ్మా, ఏం తిన్నావు?"

తిన్నాలే అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో! దాన్ని మింగేసి, "పొద్దున్నుంచి ఏమీ తినలా పాపా" అన్నాను.

"పక్కన ఎవురుండారు?"

"ఎవురూ లేరు. అవ్వ పళ్లెం ఉండాది. దుమ్ము పట్టి ఉండాది."

"దాన్ని తడుపమ్మా" అంది.

లేచి కొళాయి కింద పెట్టాను. నేను గీసిన గీతా, చుట్టూ ఉన్న దుమ్మూ కలిసి పోయాయి. అత్త తమ్ముడి భార్య పక్కింటి నుంచి ఇంత అన్నం తెస్తే ఆ పళ్లెంలోనే పెట్టించుకుని, నిలబడి, రెండు ముద్దలు తిన్నాను. కడిగి మళ్లీ స్టాండులో బోర్లించాను. బస్సుకు టైమైందని తలుపు వేయబోతూ వెనక్కి చూస్తే, సొట్టపోయిన అంచు మీదుగా నీళ్లు ఇంకా బొట్టు బొట్టుగా గచ్చు మీద పడుతున్నాయి.