హీరో ఎంట్రీకి ఎగిరిన హాల్ టికెట్

నేను ఫ్యాన్‌ని కాదు, ప్రేక్షకుణ్ణి. ఈ తేడా మా భావనపాడులో ఎవరికీ పట్టదు. ఇక్కడ ప్రతి మగాడికీ ఒక హీరో ఉంటాడు, ఆ హీరోని తిట్టడానికి ఎదురు వీధిలో ఇంకో హీరో మనుషులుంటారు. నువ్వెవరి మనిషివిరా అని అడిగితే, ఫైట్లలో వెనక నిలబడి తన వంతు కోసం చూసేవాళ్ల మనిషిని అని చెప్తాను. నిజంగా నేను చూసేది వాళ్లనే. వందమంది కత్తులతో వస్తారు. రేషన్ షాపు దగ్గర లైన్లో ఉన్నట్టు ఒక్కొక్కరే ముందుకెళ్లి, తన్నులు తీసుకుని, పక్కకి తప్పుకుంటారు. అంత క్రమశిక్షణ మా ఊళ్లో పెళ్లి భోజనాల దగ్గర కూడా చూళ్లేదు.

మా బావ మాత్రం ఫ్యాన్. అక్క మొగుడు, ఉండేది మా ఇంట్లోనే. రేవులో చేపలు కొని టెక్కలి తీసుకెళ్లి అమ్ముతాడు. అక్క పురిటి రోజున కూడా రెండు తట్టలు అమ్మేసి వచ్చిన మనిషి. తన హీరో సినిమా విడుదలైన రోజున మాత్రం సముద్రం ఒడ్డుకొచ్చి బతిమాలినా చేప ముట్టుకోడు.

ఈసారి విడుదల రోజునే నా పరీక్ష పడింది. డిగ్రీలో ఒక్క పేపరు మిగిలిపోయింది. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే మూడేళ్ల చదువూ పోయినట్టే. సెంటరు ఎచ్చెర్లలో, పది గంటలకి. అరగంట ఆలస్యం దాకా రానిస్తారు, ఆ తర్వాత గుమ్మంలోంచే పంపేస్తారు.

బావ దగ్గర పథకం ఉంది. టెక్కలిలో ఏడింటికి ఆట. ఎనిమిదిన్నర లోపు ఇంటర్వెల్. అప్పుడు నేను బయటికొచ్చి హైవే మీద బస్సెక్కితే పదింటికి ఎచ్చెర్ల. ఊళ్లో మొదటి బస్సెక్కి తిన్నగా పోయుంటే సరిపోయేది. కానీ ఫ్యాన్‌ని కాకపోయినా, ఊరికే చేతికొచ్చిన టికెట్‌ని అవమానించేంత గొప్పవాణ్ణి కూడా కాదు.

ఇక్కడ సంచుల సంగతి చెప్పాలి. తుఫాను వచ్చి ఇంట్లో కాగితాలన్నీ ముద్దయిపోయాక, మా అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ రొయ్యల మేత వచ్చే మందపాటి సంచిలో కట్టి, వల తాడుతో దూలానికి వేలాడదీస్తుంది. అందులోంచి ఒక్క కాగితం విడిగా బయటికి రాకూడదు. విడిగా వచ్చింది మళ్లీ ఇంటికి రాదని ఆవిడ నమ్మకం. అందుకే మా ఇంట్లో ఎవరు ఏ పని మీద వెళ్లినా సంచి మొత్తం వెళ్తుంది. నా హాల్ టికెట్ వెంట నానమ్మ పెన్షను పుస్తకం, ఇంటి పట్టా, పడవ కాగితాలు, అందరి ఆధార్ కార్డులూ పరీక్షకి బయల్దేరాయి.

రెండో సంచి బావది. హీరో తెర మీదికి రాగానే ఎగరెయ్యడానికి నెల రోజులుగా పాత నోటుపుస్తకాలు, పెళ్లి కార్డులు చింపి పోగేశాడు. తేమ తగిలితే ముక్కలు సరిగా ఎగరవట. కాబట్టి దాన్నీ రొయ్యల మేత సంచిలోనే కట్టి, దూలానికే వేలాడదీశాడు. పక్కపక్కనే.

ఆ పొద్దున్న కరెంటు లేదు. ఇద్దరం చెరొక సంచీ దించుకుని బండెక్కాం.

హాల్లో నా సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. అమ్మ చూసుంటే మురిసిపోయేది. తెర మీద ఒక చెప్పు కనిపించింది. దుమ్ము లేచింది. చెప్పు నుంచి మొహం దాకా కెమెరా వెళ్లేసరికి మనం టెక్కలి నుంచి నౌపడ వెళ్లి రావచ్చు. మొహం రాగానే హాలంతా లేచింది. బావ సంచి ముడి విప్పి, రెండు చేతులా తీసి పైకి విసిరాడు. మళ్లీ తీసి విసిరాడు.

ముక్కలు గాల్లో తేలతాయి. ఇవి తేల్లేదు. ఒకటి బిళ్లలా గిర్రున తిరుగుతూ వెళ్లి ముందు వరుసలో ఒకాయన నెత్తికి తగిలింది. ఆయన అది కూడా సంబరంలో భాగమే అనుకుని ఈల వేశాడు. ప్రొజెక్టరు వెలుగులో నా మీదుగా ఇంకో కాగితం పోయింది. దాని మీద నా ఫోటో ఉంది.

ఒళ్లో సంచిలో చెయ్యి పెట్టి చూశాను. గంట నుంచి ప్రాణంలా కాపాడింది పెళ్లి కార్డుల ముక్కల్ని.

బావ చొక్కా పట్టుకుని లాగి చెవిలో చెప్పాను. ఆయన చేతిలో మిగిలిన కాగితాన్ని తెర వెలుగుకి పెట్టి చూశాడు. పడవ లైసెన్సు.

"ఈసారి ముక్కలు కొంచెం పెద్దగా సింపినాననుకున్నాను రా," అన్నాడు.

ఇద్దరం కుర్చీల మధ్య మోకాళ్ల మీదికి దిగాం. పైన అందరూ గంతులేస్తున్నారు. నా భవిష్యత్తు ఎవరి కాలి కింద ఉందో తెలీదు. కొందరైతే చేతికందిన కాగితాన్ని చింపి మళ్లీ ఎగరేస్తున్నారు. లైట్లు వెయ్యమని అడగడానికి తలుపు దాకా పాక్కుంటూ వెళ్లాను. హీరో పాట మధ్యలో లైటు వేస్తే కుర్చీలు మిగలవని అక్కడి మనిషి చెప్పాడు. న్యాయమే. బావ ఫోన్ టార్చి వేశాడు. అది హీరోకి హారతి అనుకుని పక్కవాళ్లూ వేశారు, తర్వాత హాలంతా వేసింది. కొన్ని వందల లైట్లు. అన్నీ పైకే. కిందికి ఒక్కటీ లేదు.

అలా ఆ కుర్చీల మధ్య ఇరుక్కుని గంటసేపు సినిమా విన్నాను. అప్పుడే ఒక సంగతి తట్టింది. ఈ హీరోలు దేశాలు దాటుతారు, జైళ్లు బద్దలు కొడతారు, మంత్రుల ఇళ్లలోకి నడిచి వెళ్తారు. ఎక్కడా ఒక్క కాగితం చూపించరు. ఆధార్ జిరాక్సు మర్చిపోయి వెనక్కి తిరిగిన హీరోని నేను చూళ్లేదు. వాళ్ల బలమంతా కండల్లో లేదు, ఆ వెసులుబాటులో ఉంది.

ఇంటర్వెల్‌కి లైట్లు వచ్చాయి. విషయం తెలిసి చుట్టుపక్కల వాళ్లు కాళ్లెత్తి కూర్చున్నారు. పట్టా దొరికింది. పెన్షను పుస్తకం దొరికింది. ఆధార్ కార్డులన్నీ దొరికాయి. హాల్ టికెట్ మూడు వరుసల అవతల ఒకాయన కూర్చున్న కుర్చీలో, ఆయన కిందే దొరికింది. నా ఫోటో మీద చెప్పు అచ్చు పూర్తిగా పడింది. సైజు కూడా చెప్పొచ్చు. టైము ఎనిమిదీ ముప్పావు.

బయటికి పరిగెత్తాం. ఇనప గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. అవతల టికెట్లు దొరకనివాళ్లు చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. గేటు తీస్తే అందరూ లోపలికి పడతారని, సినిమా అయ్యాకే తీస్తామని గేటు మనిషి చెప్పాడు. పరీక్ష అన్నాను. ఆయన అవతలివాళ్లని చూపించి, వీళ్లందరికీ ఏదో ఒకటి ఉంది బాబూ అన్నాడు. ఇలాంటి గేట్లు భుజంతో పగలడం నేను చాలాసార్లు చూశాను కాబట్టి ఒకసారి ప్రయత్నించాను. గేటు కదల్లేదు. భుజం కదిలింది.

వెనక రెండో సగానికి బెల్లు మోగింది. బావ హాలు వైపు చూశాడు. ఈ సినిమా కోసం ఏడాదిగా ఎదురుచూశాడు. నేను ఆయన్ని లోపలికెళ్లిపొమ్మన్నాను. ఆయన జేబులోంచి మా రెండు సగం టికెట్లూ తీసి చువ్వల్లోంచి బయటికి చూపించాడు.

"ఒరే, సగం సినిమా ఉన్నాది. ఇద్దరికే. మిగతావోల్ని మీరే ఆపుకోవాల. మా బామ్మర్ది పరీచ్చకెల్లాల."

గుంపులో గట్టివాళ్లిద్దరు ముందుకొచ్చారు. టికెట్లు చేతిలో పడగానే గుంపుకి ఎదురు తిరిగి, చేతులు చాపి, అంతమందినీ నాలుగడుగులు వెనక్కి నెట్టారు. గేటు దగ్గరాయన ఒక మనిషి పట్టేంత సందు తీశాడు. ఇద్దరం బయటికి, ఇద్దరు లోపలికి. మళ్లీ గొలుసు. ఒకడు వందమందిని ఆపడం అబద్ధమని ఇన్నాళ్లూ నవ్వాను. చేతిలో టికెట్ ఉంటే కుదురుతుంది.

"నువ్వెందుకొచ్చేసావు బావా, నాను బస్సెక్కేద్దును గదా," అన్నాను.

"బస్సు అందదు. బండెక్కు. ముయ్యి."

చేపల వాసన కొట్టే ఆ బండి అంత వేగం పోతుందని దానికే తెలిసుండదు. ఎచ్చెర్ల చేరేసరికి పదీ ఇరవై ఆరు. పరీక్ష గదిలో మేష్టారు హాల్ టికెట్‌ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఇది నువ్వేనా అని అడిగారు.

"కింద ఉన్నది నేనే సార్. పైనున్నది ఎవరో తెలీదు."

ఆయన నవ్వలేదు. ఆధార్ చూపించమన్నారు. సంచిలో మా వంశం మొత్తానివీ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. సంచి గుమ్మం దగ్గర బావకిచ్చేసి వచ్చి కూర్చోమన్నారు.

బయటికొచ్చేసరికి బావ టీకొట్టు బల్ల మీద కాగితాలన్నీ పరిచి, మడతలు అరచేత్తో సాపు చేస్తున్నాడు. ఎలా రాశావని అడిగాడు. ఈసారి పోదన్నాను. తలూపాడు. కాసేపయ్యాక, రెండో సగం కథ మనోళ్లు ఫోన్లో చెప్పేశారన్నాడు. ఏమైందని అడిగితే, విలను చచ్చిపోయాడట. నేను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను. ఆయనకి ఆ మాత్రం చెయ్యాలనిపించింది.

ముక్కల సంచి ఒక్క ముక్కా ఎగరకుండానే ఇంటికొచ్చింది. జరిగింది విని అమ్మ దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి మళ్లీ దూలానికి వేలాడదీసింది.

ఫలితాలొచ్చిన రోజున నేను రేవు నుంచి వస్తున్నాను. ఫోన్లో చూసుకున్నాను, పాసయ్యాను, అప్పటికి అక్కకి మాత్రమే ఫోన్ చేసి చెప్పాను. గుమ్మంలో కాలు పెట్టగానే నెత్తి మీద ఏదో రాలింది. బావ స్టూలెక్కి, ఎర్ర పీలిక ఉన్న సంచిలోంచి రెండు చేతులా తీసి పోస్తున్నాడు. పెళ్లి కార్డుల ముక్కలు. బంగారు రంగువి కూడా ఉన్నాయి. ఆయన చెప్పింది నిజమే, తేమ తగలకపోతే బాగా ఎగురుతాయి. హీరోలా స్లో మోషన్లో కాదు, మామూలు స్పీడులోనే నడిచాను, అయినా కళ్లు కొంచెం మసకబారాయి. దుమ్ము వల్ల అని చెప్పాను.

సంచి ఖాళీ అయ్యాక అక్క వచ్చి చీపురు నా చేతిలో పెట్టింది.