నలభై అంగుళాల చొక్కా

ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న ఆమెకు టేపు చెప్పిందే వేదం. "కాస్త వదులుగా కుట్టమ్మా" అని ఎవరైనా అంటే, "ఒళ్లు మీది, కొలత నాది" అని నోరు మూయించేది.

అలాంటి మనిషి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన భర్తకు చొక్కా కుట్టబోయింది. జబ్బు రాకముందు ఆయన ఛాతీ నలభై అంగుళాలు. ఇప్పుడు టేపు ముప్పై నాలుగంది. కత్తెర పక్కన పెట్టి, "ప్రభువా, ఈయన్ని మళ్లీ మునుపటి మనిషిని చెయ్యి" అని రోజూ చేసే ప్రార్థనే చేసింది. ఆమేన్ అనేసి, సుద్దముక్కతో ముప్పై నాలుగుకి గీత గీయబోయి ఆగింది. తన మీద తనకే ఒళ్లు మండింది. నలభైకి గీసి, కరకరా కత్తిరించేసింది.

ఆదివారం చర్చికి బయలుదేరుతూ ఆయన ఆ చొక్కా తొడుక్కుని నవ్వాడు. "ఏమే, ఇందులో ఇద్దరం పడతాం! కొలత తప్పిందా?"

"ఏం తప్పలేదు" అంది ఆమె గుండీలు పెడుతూ. "మిమ్మల్ని మునుపటి మనిషిని చెయ్యమని నోటితో అడిగి, చేత్తో ముప్పై నాలుగుకి కుడితే దేవుడి ముఖం ఎలా చూడను? మీరిక మీ నోరు తినడానికి తెరవండి. చొక్కా నిండాలి."