బోనాల తెల్లారి వచ్చిన నల్లా

పొద్దున మా మనుమరాలు ఇస్కూల్ల చదవాలని ‘చరిత్రల ఈ రోజు’ ఫోన్ల చూసి నాకు వినిపించింది. ఎవరో రాజు గద్దెనెక్కిండట, ఎక్కడనో యుద్ధం ఆగిందట.

“మన చిల్కానగర్ బస్తీకి నల్లా వచ్చిన రోజు గూడ చదువే” అన్న.

“తారీఖు చెప్పు నానమ్మా.”

“బోనాల తెల్లారి.”

“బోనాల తారీఖు ఏటా మారుతది గదా. ఏ సంవత్సరం?”

“మీ నాయిన నా సంకల ఉన్నప్పుడు.”

నవ్వుకుంట పోయింది పోరి.

నల్లా కోసం ఖాళీ బిందెలతోని నడిరోడ్డు మీద ధర్నాకు కూసున్నోళ్లం మేము. నీళ్లు రాంగనే తాగుడు మర్చిపోయి ఒకలమీద ఒకలం చల్లుకున్నం. గద్దెనెక్కిన రాజుకు తారీఖున్నది, నీళ్లు తెచ్చినోళ్లకు లేకపాయె.

ఆనాడు నా పక్కన కూసున్నోళ్లు, తారీఖు యాదికుంటే కింద కామెంట్ల రాయున్రి. చదువు రాకుంటే నా లెక్కనే మనుమరాలితోని రాయించున్రి.