కడగని పాట

కామాటిపుర పదకొండో గల్లీలో క్యాసెట్లు బాగుచేసే మామ మంగళవారం పొద్దున చనిపోయాడు. అత్త ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. మా అమ్మ గొంతు ఉన్న ఒకే ఒక క్యాసెట్ ఆయన గదిలో ఉంది.

అమ్మ అందులో పాడదు. ఆడకూలీల జట్టు మేడమీద సున్నపు గచ్చును దిమ్మిసతో కొడుతూ పాడుతుంటే, ప్రతి దెబ్బకూ 'హూఁ' అంటుంది. అంతే. ఆ రోజు మేడెక్కి రికార్డు చేసింది మామే. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ శబ్దమే.

పోయినేడు ఆ పాటలో చప్పుళ్లన్నీ తీసేసి కొత్తదానిలా చేయమన్నాను. లేని గొంతును యంత్రం పుట్టించలేదని, ఉన్నవాటిలో ఏది పెంచాలో ఏది తీసేయాలో మనమే చెప్పాలని మామ ముందే అన్నాడు. టేపు బుసబుస, దిమ్మిస దడదడ, రెండూ వద్దన్నాను. పది రోజులకు వినిపించాడు. నిన్న పాడినట్టుంది. బాగుందన్నాను.

"సాఫ్ అయితే బరాబర్ అయింది. మరి దీంట్ల మీ అమ్మ ఏడున్నది, అల్లుడా?"

మళ్లీ విన్నాను. దిమ్మిస దెబ్బలతోపాటు 'హూఁ' కూడా పోయింది. పాట బాగుపడిందా అని ఎవరడిగినా, ముందు దాంట్లో ఎవరు లేరో చూసుకొమ్మనేవాడు మామ.

అసలు టేపును ఏమీ కడగకుండా ఉన్నదున్నట్టు నకలు తీయమన్నాను. ఆయన టేప్‌రికార్డర్ హెడ్‌ను దూదితో తుడిచి చూపించాడు. గోధుమరంగు పొడి. ఆడించిన ప్రతిసారీ టేపు కొంత రాలుతుందట.

"మట్టి అనుకోకు. గిదంత పాటనే."

వానలు పోయి చెమ్మ ఆరాక చూద్దామన్నాడు. వానాకాలమంతా పాత క్యాసెట్లను చెమ్మ పట్టకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచడం ఆయన అలవాటు. ఈ ఇంట్లో బువ్వ తింటే పాటలొస్తాయని అత్త దెప్పేది.

ఎండలొచ్చాయి. నేను పనుల్లో పడి వెళ్లలేదు.

దినం నాడు అత్త ఆ డబ్బా నా ముందు పెట్టింది. బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాను. చివరికి అడుగున దొరికింది. క్యాసెట్‌కు రబ్బరుబ్యాండుతో కట్టిన పెన్‌డ్రైవ్, ఒక కాగితం పొట్లం. పొట్లం మీద మామ రాత: 'కడగనిది'. నేను గుర్తు చేయకపోయినా ఆయన మరిచిపోలేదు.

ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి విన్నాను. బుస, దెబ్బ, 'హూఁ'. అమ్మ ఉంది. వింటూనే పొట్లం విప్పాను. లోపల దూది. దాని నిండా గోధుమరంగు పొడి. నకలు తీసినప్పుడు రాలింది. ఊదితే ఎగిరిపోతుందని, పాట అయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.