గుమ్మం దాకా వచ్చిన ఓరుగల్లు

మా పక్క ఫ్లాట్ ఆంటీ మా పాప కోసం ఒక మూకుడు విడిగా పెట్టింది. ఆమె మలయ్ ముస్లిం. మేం మాంసం ముట్టని ఇంటివాళ్ళం. పాపకు రెండేళ్ళప్పుడు మా ఆవిడ తంజోంగ్ పగార్‌లోని బ్యాంకు ఉద్యోగానికి తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. నేను పొద్దున పోతే సాయంత్రం దాకా సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఈ పరాయి దేశంలో, మేముండే ఆంగ్ మో కియో పేటలో మాకు తెలిసిన తలుపు ఆమెది ఒక్కటే కనుక అదే తట్టాం. ఆమె ఒప్పుకుంది. మర్నాడు కొత్త మూకుడు తెచ్చి చూపించి, "ఇందులో మీ పాపకు తప్ప ఇంకెవరికీ వండను" అంది. మేం అడగనే లేదు. ఇప్పుడు పాపకు ఏడేళ్ళు. బడి కాగానే నేరుగా ఆమె ఇంటికే పోతుంది. ఆమెను నెనెక్ అంటుంది, అంటే మలయ్‌లో అవ్వ. మా ఇంటి రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. వాన పడితే మా బట్టలు తీసి, మడతపెట్టి, సోఫా మీద పెట్టి పోయేది.

ఇంత మంచి మనిషిని నేను దూరం చేసుకోబోయింది నా నోటితో. ఆ నోరు ఎంత పని చేసిందో చెబుతాను.

ఆదివారాల్లో మా బ్లాకు కింద గదిలో తెలుగు పిల్లలు పదిమందికి అక్షరాలు నేర్పుతారు. నడిపే ఆవిడ ఒక్కో వారం ఒక్కో తల్లినో తండ్రినో పిలిచి వాళ్ళ ఊరి కథ చెప్పమంటుంది. నా వంతు వచ్చింది. నాది హనుమకొండ. ఓరుగల్లు కోటలో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి, కాకతీయుల గురించి చెప్పమంటే నన్ను ఆపడం కష్టం. పిల్లలు మొదట్లో దిక్కులు చూస్తున్నారు. రాతికోట, మట్టికోట, చుట్టూ కందకం అంటే ఎవడూ తల ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు ముట్టడి మొదలుపెట్టాను. ఢిల్లీ సుల్తాను సైన్యం, నెలల తరబడి ఆకలి, చివరికి కోట పడిపోవడం, గుడి నేలమట్టం కావడం, నంది చెవులు విరగడం. పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది. "సుల్తాను సైన్యం" అనడం మానేసి, మా వీధిలో చిన్నప్పుడు ఎలా విన్నానో అలాగే, "ముస్లింలు వచ్చి మన దేవుణ్ణి పగలగొట్టారు" అన్నాను.

నాకు మిగతాదీ తెలుసు. ఓరుగల్లు సేనాని ఒకడు ఢిల్లీకి బందీగా పోయి, మతం మారి, అక్కడే వజీరై కూర్చున్నాడని తెలుసు. కాకతీయుల సైన్యాలు కూడా పక్క రాజ్యాల ఊళ్ళు తగలబెట్టాయని తెలుసు. గోలకొండ సుల్తానులు తెలుగు కవులను కూర్చోబెట్టుకుని పద్యాలు విన్నారనీ తెలుసు. అవి చెబితే కథ చల్లబడుతుందని చెప్పలేదు. చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చాను.

సోమవారం సాయంత్రం అన్నం తింటూ పాప అంది, "డాడీ, ఐ ఆస్క్ నెనెక్ ఆల్రెడీ."

"ఏం అడిగినవ్?"

"యువర్ పీపుల్ బ్రోక్ అవర్ నంది, ఈజ్ ఇట్? అని."

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. నెనెక్ ఏమందని అడిగితే, "షీ సే మకాన్ ఫస్ట్ లా" అంది పాప. ముందు తిను అందట. తర్వాత ఏమీ అనలేదట.

పాప లేచి వెళ్ళాక మా ఆవిడ గొంతు తగ్గించి అంది, "పసిపిల్లలకు గా ముచ్చటంతా చెప్పుడు అవసరమా? నీ నోరు ఊకుంటదా?"

"నేను చరిత్ర చెప్పిన."

"చరిత్ర చెప్పినవో, మంట పెట్టినవో. ఇప్పుడే పో. తలుపు కొట్టి తప్పయిందని చెప్పు."

నేను పోలేదు. ఈ ఊళ్ళో ఇంకో మతం మీద నోరు జారితే చిన్న విషయం కాదు. కంప్లయింట్ వెళ్తే పోలీసులు పిలుస్తారు. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ దరఖాస్తు పెట్టి ఏడు నెలలైంది, ఇంకా జవాబు రాలేదు. వెళ్ళి తప్పయిందని చెబితే, అన్నానని నేనే ఒప్పుకున్నట్టవుతుంది కదా అని లెక్క వేసుకున్నాను. రేపు చూద్దాం అన్నాను. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పిరికివాణ్ణి చూసే చూపే అది. నేను పిరికివాణ్ణే.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. మంగళవారం పాపను తెచ్చుకోవడానికి వెళ్తే ఆంటీ ఎప్పటిలాగే నవ్వింది గానీ, ఎప్పటిలాగా నిలబెట్టి రెండు మాటలు మాట్లాడలేదు. ఆ రెండు మాటలు లేకపోవడం నుంచి నేను పెద్ద కథే అల్లుకున్నాను. ఆమె కొడుక్కి చెప్పి ఉంటుంది, అతను మసీదులో చెప్పి ఉంటాడు, వాళ్ళు ఎక్కడో రాసి ఇచ్చి ఉంటారు. బుధవారం ఆఫీసులో హెచ్చార్ నుంచి "ఒకసారి వచ్చి కలవండి" అని మెయిల్ వచ్చింది. మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకున్నాను. వెళ్తే, మిగిలిన సెలవులు ఈ నెలలోపు వాడుకోమని చెప్పడానికట. బ్లాకు కింద యూనిఫాం వేసుకున్న ఇద్దరు కనబడితే లిఫ్టు ఎక్కకుండా పదంతస్తులు మెట్లెక్కాను. వాళ్ళు దోమల మందు కొట్టడానికి వచ్చినవాళ్ళు.

గురువారం మధ్యాహ్నం పెద్ద వాన. మీటింగ్ ఒకటి రద్దయి నాలుగున్నరకే ఇంటికి చేరాను. బట్టలు మడతపెట్టి సోఫా మీద ఉన్నాయి. అంటే ఆంటీ వచ్చి వెళ్ళింది. అది చూసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కోపమే ఉంటే మా బట్టలు ఎందుకు తీస్తుంది అనుకుంటూ కాళ్ళు కడుక్కుని వచ్చి, దీపం పెడదామని దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాను.

గూడు ఖాళీగా ఉంది. పటాలు ఉన్నాయి. శివలింగం లేదు, దాని ముందుండే ఇత్తడి నంది లేదు.

అప్పుడు నా మనసులో వచ్చిన మాట దాచను. "అనుకున్నంతా అయింది" అనుకున్నాను. ఐదేళ్ళు మా పిల్లకు అన్నం పెట్టిన మనిషి మా దేవుణ్ణి తీసుకుపోయిందని, ఏ చెత్తబుట్టలో పడేసిందో అని, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా నమ్మాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి ఆమె తలుపు కొట్టాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లోపల పాప బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"ఆంటీ, ఇవాళ మా ఇంట్లోకి వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"వచ్చాను. వాన పడింది కదా, బట్టలు."

"బట్టలేనా? పూజ గూటి దగ్గరికి ఏమైనా వెళ్ళారా? అక్కడి విగ్రహాలు కనబడటం లేదు."

అడిగేటప్పుడు గొంతు మర్యాదగానే ఉంచాననుకున్నాను. ఆమె ముఖం చూశాక తెలిసింది, మర్యాద మాటల్లోనే ఉందని. ఆమె నన్ను చూసింది, తర్వాత తన చేతుల వంక చూసుకుంది, వాటిని చేతిలోని తువ్వాలులో చుట్టుకుంది.

లోపలి నుంచి పాప అంది, "డాడీ, ఐ హైడ్ ఆల్రెడీ. ఇన్ ద రైస్."

"ఏంటి?"

"శివుడిని, నందిని. పొద్దున మన రైస్ డ్రమ్‌లో పెట్టిన." పాప పెన్సిల్ కింద పెట్టింది. గొంతు బాగా తగ్గించింది, ఆంటీకి వినబడకూడదన్నట్టు. కానీ ఆంటీ నా పక్కనే ఉంది. "నెనెక్ హ్యాజ్ అవర్ కీ, డాడీ. ఇఫ్ షీ బ్రేక్, హౌ?"

నాకు పోలీసులు గుర్తుకు రాలేదు, పీఆర్ గుర్తుకు రాలేదు. ఏడేళ్ళ పిల్ల రోజూ మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుని, ఆ మూకుట్లో వండింది తింటూ, లోపల్లోపల వణికిందని అర్థమైంది. భయపెట్టింది నేను. దాని కంటే ఘోరం, ఆ పిల్ల భయమూ నా భయమూ ఒకటే. అది దేవుణ్ణి దాచింది, నేను వచ్చి నిందించాను. అంతే తేడా.

సాయంత్రం మా ఆవిడ రాగానే ఇద్దరం వెళ్ళాం. ఈసారి లెక్కలు వేసుకోలేదు. జరిగింది మొత్తం చెప్పాను, క్లాసులో నేనన్న మాటతో సహా. ఆమె టీ పెట్టి ఇచ్చి మా ఎదురుగా కూర్చుంది.

"మా అమ్మమ్మది ఇక్కడికి దగ్గర్లోని మలక్కా," అంది. "చెప్పేది. ఆ రాజ్యం కట్టిన రాజు ఈ దీవి నుంచే పారిపోయి వెళ్ళాడట. అతని పేరు మీ శివుడి పేరే. తర్వాత ఓడల మీద వర్తకులు వచ్చారు, ఆ వంశం ముస్లిం అయింది. మాకూ ముందు మీ దేవుళ్ళే. పాప అడిగిన రోజు ఇది చెబుదామనుకున్నాను."

"మరి చెప్పలేదేం ఆంటీ?" అని మా ఆవిడ అడిగింది.

"భయపడ్డాను. పిల్లకు నా మతం నేర్పిస్తున్నానని మీరు కంప్లయింట్ ఇస్తారేమోనని."

నేను తల ఎత్తలేకపోయాను. వారమంతా గోడకు అటు ఆమె, ఇటు నేను, ఒకరి గురించి ఒకరం అదే మాట అనుకుంటూ గడిపాం. కోపం లేదని అంది. వచ్చే ఆదివారం క్లాసులో మిగతా కథ కూడా చెప్పమంది. చెప్పాను. వజీరైన సేనాని గురించీ, మలక్కా రాజు గురించీ చెప్పాను. పిల్లలు దిక్కులు చూశారు. పాప మాత్రం విని, ఆ సాయంత్రమే బియ్యంలోంచి శివుణ్ణి, నందిని తీసి కడిగి గూట్లో పెట్టింది. నెల తిరిగేసరికి నెనెక్ మెడ పట్టుకుని వేలాడుతోంది. పిల్లలు మరిచిపోతారు.

కిందటి వారం పాపకు జ్వరం వచ్చి బడికి పంపలేదు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం జ్వరం పెరిగింది. కింద క్లినిక్‌కు వెళ్ళి మందు తేవాలి, పాప లేచే స్థితిలో లేదు. ఆంటీని పిలిచి పది నిమిషాలు పాప దగ్గర కూర్చోమన్నాను. వెంటనే సరేనంది. నేను పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి మా తలుపు బార్లా తెరిచి ఉంది. ఆంటీ తన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, కారిడార్‌లో, మా గుమ్మానికి బయట వేసుకుని కూర్చుంది. హాల్లో సోఫా మీద పడుకుని పాప పిలుస్తోంది, "నెనెక్, కమ్ ఇన్ లా."

"ఇక్కణ్ణించి నువ్వు కనబడుతున్నావు కదా, నాన్నా," అంటోంది ఆమె.

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నేను లోపలికి వెళ్ళేదాకా అక్కడే కూర్చుంది.