పాపారావు ఎక్కించిన పదమూడో రీలు

పలాసలో సినిమా తెలిసినవాడు ఒక్కడేనని, అది తానేనని పాపారావు నమ్మకం. ఇరవై రెండేళ్లుగా సినిమా హాలు పైన ప్రొజెక్టరు గదిలో కూర్చుని, గోడకున్న కంతలోంచి కింది తలకాయల్ని చూస్తూ బతికిన మనిషి. తెర వైపు చూడటం ఎప్పుడో మానేశాడు. చూసేదల్లా జనాన్నే. వాళ్లంటే పరమ రోత. ఏడవమంటే ఏడుస్తారు, ఈలెయ్యమంటే ఈలేస్తారు, వెధవలు! ఇన్నేళ్లలో ఒక్క రీలైనా తప్పు పెట్టి ఎరగననేది అతని గొప్ప. ఆ మాట పెళ్లాం నూకమ్మకు రోజుకోసారి, హాలు ఓనరు లోకనాథానికి వారానికోసారి చెప్పకపోతే అన్నం సహించదు.

2003 వానాకాలంలో ఆ బాక్సింగు సినిమా వచ్చింది. తండ్రి పాత బాక్సరు, కొడుకు కొత్త బాక్సరు, మధ్యలో కొళాయిలా కారే తల్లి. టెక్కలికీ పలాసకూ కలిపి ఒకటే ప్రింటు. అక్కడ ఆడిన రీళ్లు డబ్బాల్లో స్కూటరెక్కి ఇక్కడికొస్తాయి. మొదటిరోజు మ్యాట్నీకి జీడిపప్పు ఫేక్టరీల్లో పొట్టు తీసే ఆడవాళ్లు గుంపుగా దిగారు. వాళ్లలో నూకమ్మ కూడా ఉంది. తండ్రి కొడుకు చేతులకు గుడ్డ చుట్టే సీనుకే ముక్కులు చీదడం మొదలైంది.

"సూడు, సూడు! ఎవడి బాబో కొడుక్కి గుడ్డ సుడితే ఈలు ఏడుత్తన్నారు," అని రీళ్లు తెచ్చిన ఢిల్లీబాబుతో వెక్కిరిస్తూనే, పాపారావు చేతికందిన డబ్బా విప్పి మిషనుకు ఎక్కించేశాడు. డబ్బా మీది నంబరు కాగితం వానకు ఊడిపోయింది. రీలు మొదట్లోనూ నంబరుంటుంది, చూస్తే కదా! పన్నెండు ఆడాల్సిన చోట పదమూడు ఆడింది. తెర మీద తండ్రి చచ్చిపోయాడు. చితి కాలింది. ఆ వెనకే పన్నెండో రీలు మొదలై, అదే తండ్రి రింగు పక్కన నిలబడి "లేవరా!" అని అరిచాడు.

అప్పుడు చూశాడు పాపారావు తెర వైపు. అయిపోయింది. కుర్చీలు విరుగుతాయి, ఓనరు మెడపట్టి గెంటుతాడు, ఇరవై రెండేళ్ల పేరు గంగలో కలుస్తుంది.

"ఓలమ్మో, బాబొచ్చినాడే! కొడుకు కోసం మళ్లీ వొచ్చినాడే!" అని కింద ఆడవాళ్లు గొల్లుమన్నారు. చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి.

"థూ," అన్నాడు పాపారావు. భయం పోయి రోత రెట్టింపైంది.

సాయంత్రం ఆటకు నంబర్లు ఒకటికి మూడుసార్లు చూసుకుని వరసగా ఆడించాడు. చచ్చిన తండ్రి చచ్చినట్టే ఉన్నాడు. మ్యాట్నీ కబురు విని వచ్చిన జనం భగ్గుమన్నారు. "రీలు కోసేసినారు! బాబుని సూపించండి!" అని తలుపులు బాదారు. లోకనాథం మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు.

"మ్యాట్నీలో ఎలాగాడించినావో అలాగే ఆడించవయ్యా! కొత్త తెలివి నీకెందుకు?"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. మూడు వారాలు, రోజుకు నాలుగు ఆటలు, తన చేతులతో తనే తప్పు రీలు ఎక్కించాడు. టెక్కలి నుంచి జనం బస్సెక్కి మరీ వచ్చారు.

అంతకన్నా మండించింది రామూర్తి. ఎల్‌ఐసీ ఏజెంటు, ఊళ్లో పక్షపత్రికకు సినిమాలు చీల్చి చెండాడే మేధావి. ఆయన జన్మలో మొదటిసారి ఒక సినిమాను మెచ్చుకుని, "మరణించిన తండ్రిని రింగు పక్కకు రప్పించడం దర్శకుడి అపూర్వ సాహసం" అని రాశాడు. అది చదివిన పాపారావుకు ఉద్యోగం మాట గుర్తులేదు. సోడా కొట్టు దగ్గర రామూర్తి నలుగురికీ ఆ సాహసం వివరిస్తుంటే, మీద పడినంత పని చేశాడు. ఫేక్టరీ నుంచి వస్తున్న ఆడవాళ్లూ, వాళ్లతో నూకమ్మా ఆగారు.

"సాహసం లేదు, నీ బొంద లేదు! ఆ రీలు నాను తప్పెట్టినాను. ఎవడూ తిరిగి రానేదు. ఒట్టు!"

రామూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "ఏటి పాపారావూ, డైరెక్టరు పేరు కూడా నువ్వే కొట్టేత్తావా?"

అందరూ పగలబడి నవ్వారు. పాపారావు దిక్కుతోచక నూకమ్మ వైపు చూశాడు. ఇన్నేళ్లుగా రోజూ ఆ గొప్ప విన్న మనిషి ఆమె ఒక్కతే.

"ఊరుకో మావా, నలుగురిలో నవ్వులపాలైపోకు," అంది నూకమ్మ, జాలిగానే. "నువ్వెప్పుడూ రీలు తప్పెట్టవు కదేటి. పైన కూకొని తిప్పుకోడమే గాని, సినిమా గురించి నీకేటి తెల్సు?"