ఫోటోకి అడ్డొచ్చిన నిచ్చెన

ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి కాబట్టి, రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో తలతో చేసే పని నాకెవరూ చెప్పరు. ఎక్కడం, దిగడం, మోయడం మాత్రం నావే.

మొన్న క్రిస్మస్‌కి నక్షత్రం కట్టడానికి గోపురం ఎక్కాను. కింద కమిటీ పెద్దలు ఇస్త్రీ చొక్కాలు నలుగుతాయని నిచ్చెనని వేళ్ల చివర్లతో పట్టుకున్నారు. ఇంతలో ఓ నాయకుడు కారు దిగాడు. అందరూ నిచ్చెన వదిలేసి పూలదండల కోసం పరుగెత్తారు.

"ఫోటోకి నిచ్చెన అడ్డొస్తందండీ, తీసేయండి," అన్నారు సెక్రటరీగారు. ఆయ్, ఆయ్ అంటూ ఇద్దరు దాన్ని మోసుకెళ్లి గోడవతల పడేశారు. పైన నాచు మీద నా కాలు జారింది. సిలువని కావలించుకుని, "నేనింకా దిగలేదండీ!" అని అరిచాను.

"తెలుసురా, కదలకు. నువ్వూ ఫోటోలో పడతావ్," అన్నారాయన. ఆ తర్వాత మైకు పట్టుకుని, దేవుని పనిలో నిలకడగా ఉండడం గురించి చాలాసేపు చెప్పారు. కారు వెళ్లాకే నిచ్చెన తిరిగొచ్చింది. ఆ పెద్దమనుషులకి ప్రభువు కనబడాలంటే ఆయన కూడా కెమెరా పట్టుకునే రావాలి.

నక్షత్రం కట్టేసి దిగాక, చర్చి ఊడ్చే మార్తమ్మత్తతో, "ఈ చర్చి పనికి ఇంక రానత్తా," అన్నాను.

"మానెయ్యరా. ఆ నక్షత్రం కూడా విప్పి పట్టుకుపో. సెక్రటరీగారి కోసమే కట్టేవు కదా!" అంది.